ఊదా గుడ్డ కింద ఎలిమినేటరు

పోయిన నెలలో మా ఇంట్లో నెట్టు డబ్బాకి ఏదో రోగం పట్టుకుంది. ఊరికే ఉన్నంతసేపు పచ్చ దీపాలు వెలిగించుకుని బుద్ధిగా కూర్చుంటుంది. మనవరాలు సినిమా పెట్టుకోగానే, పక్క గదిలో ఇంకెవరో ఫోను తీయగానే టప్పున ఆరిపోతుంది. మళ్లీ దానంతటదే వెలుగుతుంది. నేను ముందు కంపెనీని తిట్టాను, తర్వాత నరసరావుపేట కరెంటుని తిట్టాను, చివరికి మనవరాల్ని తిట్టాను. తిట్టడానికి ఎవరూ మిగలని రోజున రిపేరు చేసే ఆయన వచ్చాడు. నెరిసిన మీసాలు, జేబులో కళ్లజోడు. డబ్బాని ముట్టుకోనైనా లేదు. గోడకున్న అడాప్టరు పీకి, దాని వీపు మీదున్న చీమతలకాయంత అక్షరాలు చదివి, ఇదెక్కడిదండీ అన్నాడు. పాతది పోతే సొరుగులో వెతికి తీశానని, పన్నెండు ఓల్టులని రాసుందని, పిన్ను కూడా అచ్చంగా పట్టిందని గొప్పగా చెప్పాను. "ఓల్టులు సరిపోయినయ్ మేడంగారూ, ఆంపియర్లే చాల్లా. ఊరికే వెలగటానికి సరిపోద్ది, పని చెప్తే కూలబడుద్ది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పాపం ఆయన తన మాటలో తప్పేం దొర్లిందోనని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. మిమ్మల్ని చూసి కాదు బాబూ, మా నాన్నని తలుచుకుని నవ్వుతున్నానని చెప్పి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

ఎందుకంటే ఆంపియర్లు చాలకపోవడం మా వంశంలో ఇది రెండోసారి. మొదటిసారి రెంటచింతలలో, నా పదిహేడో ఏట, మా నాన్న చేతుల మీదుగా, మా వీధి వీధంతా చూస్తుండగా జరిగింది. మా ఊరి గురించి కొత్తగా చెప్పేదేముంది, పేపర్లో మా ఊరి పేరు పడేది ఒక్క ఎండకే. వేసవిలో పొద్దున తొమ్మిదికల్లా మా అమ్మ గుమ్మాలకు గోనెపట్టాలు కట్టి నీళ్లు చల్లేది. తడి గోనె వాసన, మా నాయనమ్మ ముక్కుపొడుం వాసన, వసారాలో ఆరబోసిన మిరపకాయల ఘాటు, మూడూ కలిస్తే అదే మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా గోనెసంచి తడిస్తే నాకు చిన్నతనం ముక్కుకు తగులుతుంది.

మా నాన్న ఇన్నయ్య మాస్టారు మిషను బళ్లో లెక్కలు చెప్పేవాడు. బళ్లో చెప్పింది చాలక ఇంటికొచ్చి కూడా చెప్పేవాడు. చెడ్డవాడు కాదు, చేయి ఎత్తి ఎరగడు, కానీ ఆయన నోటికి మూత లేదు. మా అమ్మ అగ్నేసమ్మ అదే బళ్లో ఒకటో తరగతి పిల్లలకు అ ఆలు దిద్దించేది. పిల్లల ముందు గంటలు గంటలు మాట్లాడే మనిషి, ఇంటికొస్తే ఆమె వాక్యం ఒక్కటీ చివరిదాకా పోయేది కాదు. ఆమె మొదలుపెడితే ఆయన పూర్తిచేసేవాడు, అదీ తనకు తోచినట్టు. "పప్పులోకి..." అని ఆమె అంటే "చింతకాయ వెయ్" అని ఆయన. ఆమె చెప్పబోయింది ఇంట్లో పప్పే లేదని. వంటింట్లోకి పోయి, నా చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. ఇద్దరి మీదా మా నాయనమ్మ శౌరమ్మ. ఆమెకు దేవుడు పైన, మా కతోలిక గుడి విచారణ ఫాదరుగారు మధ్యన, తాను ఇంట్లో. తెల్లవారుజామున పూజకు పోయి వచ్చాకే ఆ ఇంట్లో పొయ్యి అంటుకునేది.

మా ఇంటికి ట్రాన్సిస్టరు వచ్చిన కొత్తలో అది ఆరు సెల్లులు తినేది. లావుపాటి టార్చి సెల్లులు. నెల తిరక్కముందే నీరసపడితే మా నాన్న వాటిని డాబా మీద, మిరపకాయల పక్కన ఎండబెట్టేవాడు. పల్నాడులో అందరూ చేసేదే. ఎండకు కాస్త ఊపిరి పోసుకుని మరో రెండు రోజులు పలికేవి. కానీ రెంటచింతల ఎండ అన్ని ఊళ్ల ఎండ కాదు కదా. ఒకసారి మూడు రోజులు వదిలేస్తే సెల్లులు చితికి జిగురు కారి, అది మిరపకాయలకంటి, నాయనమ్మ ఆ పూట కొడుకును పేరు పెట్టి కాకుండా "ఒరే సైన్సూ" అని పిలిచింది. ఆ జిగురే మా నాన్నకు కనువిప్పు. ఇక ఈ జన్మలో సెల్లు కొననని, కరెంటుతో రేడియో పాడించే ఎలిమినేటరు అనే పెట్టె ఒకటి వచ్చిందని, అదే తెస్తానని వీధరుగు మీద కూర్చుని ప్రకటించాడు. ఆయన ఇంట్లో మాట ఇంట్లో అనడు, అదే వచ్చిన చిక్కు.

అదే రోజుల్లో మా అమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. ఎండాకాలంలో చంటిపిల్లల జాగ్రత్తల గురించి నాలుగు పేజీలు రాసి, నాచేత సాపు రాయించి, బెజవాడ రేడియోలో ఆడవాళ్ల కార్యక్రమానికి పంపింది. వాళ్లు రమ్మన్నారు. ఎండ గురించి చెప్పడానికి మా ఊరి మనిషికి మించిన అర్హత ఎవరికుంటుంది. నాన్న తోడు వెళ్లాడు, కానీ రికార్డు చేసే గదిలోకి ఆయన్ని రానివ్వలేదు. పది నిమిషాలు తలుపు బయట నిలబెట్టారట. తిరిగొచ్చాక అమ్మ నాతో ఒక్క మాటే చెప్పింది, "లూర్దూ, ఆ గదిలో నేను ఆపిందాకా ఎవురూ మధ్యలో మాట్టాళ్లేదే" అని. మాట ఆ గదిలో వాళ్లు విన్నారు, ఇక ఇంట్లో వాళ్లు వినాలి. ఆమె కోరికల్లా అదే. పాస్కా పండగ, అదే ఈస్టరు, వెళ్లిన మంగళవారం మధ్యాహ్నం వేస్తామని కార్డు వచ్చింది. ఒకేసారి వేస్తారు, అది దాటితే మళ్లీ లేదు. పంచాయతీ రేడియో సాయంత్రం వార్తలకే తెరిచేవాళ్లు, మా వీధిలో ఉన్నది మా సెట్టొక్కటే.

ఎలిమినేటరు కొనడానికి ముగ్గురం నరసరావుపేట వెళ్లాం. రేడియో కొట్టు శెట్టిగారు నిదానస్తుడు. మా నాన్నను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలడిగాడు. సెట్టు ఎన్ని ఓల్టులు తీసుకుంటుంది, ప్లస్సు ఏ వైపు, ఎంత కరెంటు లాగుతుంది. మొదటిదానికి నాన్న ఆరు సెల్లులను ఒకటిన్నరతో హెచ్చవేసి, నోట్లో బెల్లం ముక్క పడినట్టు, తొమ్మిది అన్నాడు. రెండోదానికి జవాబు అమ్మ దగ్గరుంది. అమ్మ కొంగు ముడిలోంచి కాగితం ముక్క తీసి ఇచ్చింది, సెల్లుల గూట్లో బొమ్మ చూసి ప్లస్సెటో గీసుకొచ్చింది. మూడో ప్రశ్న ఆయనకు అవమానంగా తోచింది. తొమ్మిదంటే తొమ్మిదే, అందులో మళ్లీ ఎంతేందండీ, లెక్కల మాస్టారికి లెక్కలా అన్నాడు. శెట్టిగారు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి ఇటుక రాయంత, ఒకటి సబ్బుపెట్టెంత. రెంటి మీదా తొమ్మిదనే ఉంది. నాన్న చిన్నది అందుకుని, అదే తొమ్మిది ఇందులోనూ ఉన్నప్పుడు ఇనుము మోయడమెందుకన్నాడు. అప్పుడు మా అమ్మ నోరు తెరిచింది. "ఏవండీ, పెద్దగా పెట్టినప్పుడు కూడా..." అంది. "పెద్దదెందుకే, చిన్నదే బాగుంది" అని ఆమె వాక్యాన్ని ఆయన పూర్తిచేశాడు. శెట్టిగారు మా అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు సర్దుకుంది. పొట్లం కట్టేశారు.

తీసుకొచ్చిన పొద్దు మంచిది కాదు. అది విభూతి బుధవారానికి ముందు రోజు. మర్నాటి నుంచి పాస్కాదాకా తపస్సుకాలం, ఆ నలభై రోజులూ మా ఇంట్లో మాంసం లేదు, పూలు లేవు, రేడియో అసలే లేదు. గుళ్లో ఆఖరి రెండు వారాలు స్వరూపాలకు ఊదా గుడ్డ కప్పుతారు. మా నాయనమ్మ భక్తి గుడి కంటే ముందు నడిచేది. తన పాత చీరకు ఊదా రంగు వేయించి, మొదటి రోజే అలమరలో ఉన్న మరియమాతకు సగం, రేడియోకు సగం కప్పేసేది. రెండూ ఒకే ఎత్తు. ఎదురింటి రాయపత్తమ్మ ఒకసారి పొద్దున్నే వచ్చి, కూతురి కాన్పు కోసం మోకాళ్లూని కన్నీళ్లతో ప్రార్థించి వెళ్లింది రేడియోకే. కాన్పు సుఖంగా జరిగింది కాబట్టి మేమెవరం నోరు విప్పలేదు.

కొత్త పెట్టె చేతిలో పెట్టుకుని నలభై రోజులు ఆగడం మా నాన్న వల్లయ్యే పనా. నాయనమ్మ గుళ్లో సిలువమార్గం ప్రార్థనకు వెళ్లిందంటే చాలు, గుడ్డ తీయకుండా కిందనుంచి చెయ్యి పోనిచ్చి తీగెలు తగిలించేవాడు. ప్లస్సు తీగెకు అమ్మ ఎర్ర దారం కట్టి పెట్టింది కాబట్టి తిరగబడే భయం లేదు. చప్పుడు బయటికి పోకూడదని గొంతు బాగా తగ్గించి పెట్టి, నాన్నా నేనూ గుడ్డకు చెవులానించి వినేవాళ్లం. గుసగుసగా, తేనెలాగా పలికేది. బళ్లోంచి సైన్సు మాస్టారి మీటరు తెచ్చి, రేడియోకు తగిలించకుండా ఎలిమినేటరు తీగెలు రెండూ పట్టుకుని కొలిచాడు. ముల్లు తొమ్మిది దాటి పన్నెండు మీద ఆగింది. నాన్న మొహం చూడాలి. శెట్టి ధర్మాత్ముడని, తొమ్మిదికి మూడు కొసరు వేశాడని మురిసిపోయాడు. పని లేనప్పుడు ముల్లు అలాగే ఎగురుతుందని, పని చెప్పి కొలిస్తే తెలిసేదని ఆ తర్వాత శెట్టిగారు చెబితే కదా మాకు తెలిసింది. బెండకాయలకూ పచ్చిమిరపకాయలకూ కొసరుంటుంది గానీ కరెంటుకు కొసరెక్కడిది. మా నాన్న మాత్రం ఆ నెలంతా శెట్టి మంచితనాన్ని అరుగు మీద పొగుడుతూనే ఉన్నాడు. పెట్టె మీద చెయ్యి వేస్తే వేడిగా తగిలేది. ఈ ఊళ్లో వేడి కానిదేముందని అనుకున్నాం.

ఇక్కడ నా పాపం కూడా చెప్పుకోవాలి. ఒక శుక్రవారం ఇంట్లో ఎవరూ లేరు. ఏదో పాట వస్తుంటే ఆగలేక గుడ్డ కింద చెయ్యి పెట్టి గొంతు పెంచాను. సగం పెంచేసరికి గాయకుడు నత్తి పట్టినట్టు తడబడ్డాడు, వెనకనుంచి గుంయ్ మని తుమ్మెద మోత మొదలైంది. తగ్గిస్తే మోత పోయింది, పెంచితే వచ్చింది. అంటే పెద్దగా పెడితే ఈ పెట్టె మోయలేదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ రోజు నాన్నకు చెప్పి ఉంటే నరసరావుపేట పోయి పెద్దది మార్చుకు వచ్చేవాళ్లు. కానీ మూతలేని ఆ నోటికి చెబితే, తపస్సుకాలంలో పాట విన్నానని నాయనమ్మకు తెలుస్తుంది. భయమేసి నోరు కుట్టుకున్నాను. పాస్కాకు ముందు పవిత్రవారంలో పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు ఫాదరుగారికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను, మోతతో సహా. ఆయన మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నాడు. ఎలిమినేటరు గురించి ఏం అన్లేదు. జపాలు చెప్పుకుని తేలికపడి ఇంటికొచ్చాను. దేవుడికి చెప్పాను గానీ మా నాన్నకు చెప్పలేదు.

అమ్మ మాట్లాడే ఆ మంగళవారానికి మా నాన్న చాటింపు ఒక్కటే వేయించలేదు. ఒంటిపూట బడి కాబట్టి మధ్యాహ్నానికి మా వసారా, అరుగు, వాకిట్లో వేసిన పందిరి, అన్నీ జనమే. రాయపత్తమ్మ ముందు వరసలో కూతుర్నీ చంటిబిడ్డనూ పెట్టుకుని కూర్చుంది. నాయనమ్మకు కుర్చీ. నాన్న రేడియోను బల్ల మీద పెట్టి, ఊదా గుడ్డను మడిచి కింద పరిచి, ఎలిమినేటరును కూడా ఆ మడతల్లోనే ముద్దుగా పడుకోబెట్టాడు. మా అమ్మ కొత్త చీర కట్టుకుని, తలుపు చాటున కాకుండా, నేను లాగి కూర్చోబెడితే వసారా మధ్యలో చాప మీద కూర్చుంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి, ఆ ఎండలో. కార్యక్రమం మొదలైంది. "ఇప్పుడు రెంటచింతల నుంచి శ్రీమతి అగ్నేసమ్మ" అని మా అమ్మ పేరు రేడియోలోంచి వచ్చింది. జనం గుసగుసలాడారు. అమ్మ గొంతు మొదలైంది, కొంచెం సన్నగా. వెనక వరసలవాళ్లు వినపడ్లేదయ్యో అన్నారు. నాన్న గర్వంగా లేచి గొంతు మొత్తం పెంచేశాడు. నేను "వద్దు నాన్నా" అన్నాను, కానీ ఆ ఇంట్లో ఆడవాళ్లు సగంలో అన్న మాట ఎవరు విన్నారు గనక. గుంయ్ మంది. అమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టు మునిగి తేలింది. నాన్న ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, తీగెలు నలిపాడు, పెట్టె మీద ఒక్కటిచ్చాడు. మడతల్లోంచి లక్క కాలిన కంపు లేచింది. నాయనమ్మ ముక్కుపొడుం తీయబోయిన చెయ్యి ఆపింది. ఒక్క నిమిషం కూడా మాట్లాడకుండానే మా అమ్మ ఆగిపోయింది.

నాన్న జనం వైపు తిరిగాడు. ఎవురింట్లో టార్చిలైట్లున్నాయో ఆరు సెల్లులు పట్రండయ్యా అని కేకేశాడు. నలుగురు లేచారు. మూడు టార్చిలైట్లు దొరికి, సెల్లులొచ్చి, అవి అమర్చేలోపు పది నిమిషాలు ఎటూ అయిపోతాయని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు మా అమ్మ కూర్చున్న చోటు నుంచి కదలకుండా అంది, "ఎవురూ పోమాకండి. కూర్చోండి. నాకు నోటికొచ్చు." అని, రేడియో ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ మాట దగ్గర అందుకుంది.

బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా గంటకోసారి నాలుక తడిపి చూడమంది. తడిగుడ్డ నెత్తికే కాదు, చంకల్లో, గజ్జల్లో కూడా పెట్టమంది. ఒళ్లు కాలుతూ చెమట పట్టకపోతే ఇంటి వైద్యం మాని బండి కట్టమంది. మొదట రేడియో గొంతుతోనే చెప్పింది, పోను పోను తన గొంతుతో. నేను సాపు రాసిన కాగితాల్లో మూడో పేజీలో "ఒక తల్లి" అని ఉంది. ఆ చోటికి వచ్చేసరికి ఆమె ఆగింది. "నా పెద్దబిడ్డ" అంది. నాకంటే ముందు ఒకడు పుట్టి పోయాడని నాకు తెలుసు గానీ, ఎలా పోయాడో మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. తిరనాళ్లకు పట్టపగలు బండిలో పోయామని, ఎండ తగ్గినాక పోదామని అనబోయానని, మాట నోట్లో ఉండగానే బండి కదిలిందని, బిడ్డ నాలుక ఎండిపోయిందని చెప్పింది. ఏడవలేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది. మా నాన్న లేచి నిలబడి "అదేందంటే, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. మా నాయనమ్మ తల తిప్పకుండానే అంది, "కూర్చోరా. రేడియో మాట్టాడతంటే మధ్యలో ఏంది నువ్వు?"

ఆయన కూర్చున్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన మాట సగంలో ఆగడం అదే మొదలు. అమ్మ చివరిదాకా చెప్పింది, మజ్జిగలో ఉప్పెంత వెయ్యాలో దాంతో సహా. నమస్కారం అని ముగించింది. రాయపత్తమ్మ కూతురు అప్పటికే బిడ్డ నాలుక మీద వేలు పెట్టి చూస్తోంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, రేడియోకు కొట్టరు కదా. జనం లేవబోతుంటే అమ్మ మా నాన్న వైపు తిరిగి, అదే గొంతుతో, "పెద్దగా పెట్టినప్పుడు కూడా మోస్తదా అని ఆ పొద్దు కొట్లో అడగబోయానండీ" అని నెలన్నర కిందటి వాక్యాన్ని కూడా పూర్తిచేసింది. ముందు నాయనమ్మ నవ్వింది, తర్వాత వీధంతా నవ్వింది, చివరికి తల వంచుకుని మా నాన్న కూడా నవ్వాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర నేను మోత సంగతి ఒప్పుకున్నాను. నాయనమ్మ ఇంకో మూడు జపాలు వేసింది.

ఇప్పుడు మా ఇంట్లో తొమ్మిది అడాప్టర్లున్నాయి, నేనే లెక్కబెట్టాను. ఒకదాని పిన్ను ఇంకోదానికి పట్టదు, పట్టినా ఆంపియర్లు కుదరవు. రిపేరాయన పోతూ పోతూ ప్రతిదాని మీదా అది దేనిదో చీటీ అంటించమన్నాడు, అంటించాను. మనవరాలు ఫోనులో ఎవరి గొంతైనా పట్టి దాస్తుంది, అవసరమున్నా లేకున్నా. మా అమ్మ గొంతు ఎక్కడా లేదు. బెజవాడ వాళ్లు దాచి ఉండరు, మాకు దాచుకునే దారి లేదు. 

అయితే ఒకటి చెప్పాలి. ఆ మంగళవారం తర్వాత మా నాన్న పూర్తిగా మారిపోయాడంటే అబద్ధం. వారం తిరక్కుండా మళ్లీ నోరు తెరిచాడు. కానీ అమ్మ ఏదైనా గట్టిగా చెప్పదలుచుకున్నప్పుడు చాప మధ్యలో కూర్చునేది. ఆమె అలా కూర్చుంటే ఆయన మాట మింగేవాడు. ఎన్నో ఏళ్ల తర్వాత, అమ్మ పోయినప్పుడు, మాచర్లలో స్థిరపడ్డ రాయపత్తమ్మ మనవడు వచ్చాడు. ఆ రోజు వాళ్లమ్మ ఒళ్లో ఉన్న చంటిబిడ్డ అతనే. నా చేతులు పట్టుకుని, "మీ అమ్మగారి మాటలు రేడియోలో ఇన్నాకే మా అమ్మ నన్ను ఎండల్లో కాపాడుకుందంట పిన్నీ" అన్నాడు. ఆ వీధిలో ఎవర్ని అడిగినా అదే మాట, రేడియోలో విన్నామని. కాలిన పెట్టె కంపు పీల్చిన వాళ్లు కూడా అదే మాట. అబద్ధం ఆడితే పిల్లల అరచేతుల మీద బెత్తంతో కొట్టే మా అమ్మ, ఆ ఒక్క మాటను బతికున్నన్నాళ్లూ ఎవరి దగ్గరా దిద్దలేదు. నేనూ దిద్దలేదు. అవును నాయనా, రేడియోలోనే అన్నాను.